ఏం లెన్స్ అన్నా?

2025 ఫిబ్రవరిలో ఒక పొద్దున, ఫస్ట్ అవర్ నడుస్తుండగా మా ఫొటో గ్రూపులో ఒక వీడియో వచ్చింది. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పాత ముందుభాగాన్ని కూలగొడుతున్నారు. మిషన్ చెయ్యి చాపి కమానుని ఒక్క పోటు పొడిచింది. దుమ్ము లేచింది. దుమ్ము సర్దుకున్నాక కమాను ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. గ్రూపులో పదిమంది "అయ్యో" అని పెట్టారు. నేనూ పెట్టాను.

సాయంత్రం హాస్టల్‌కి వచ్చి హార్డ్ డిస్క్ తెరిచాను. మూడేళ్ళుగా ఆదివారం ఆదివారం ఆ స్టేషన్ ముందుకు పోయి ఫొటోలు తీసినవాణ్ణి కదా, మంచివి ఏరి గ్రూపులో పెడదామని. లెక్కపెడితే 412 ఉన్నాయి. ఫోల్డర్ల పేర్లు ఇవి: "35_1.8", "35_2.8", "50_1.8", "50_8", "ఎడమమూల_కొత్తది". ఒక్కొక్కటే తెరుస్తూ పోయాను. కమాను అంచు. మళ్ళీ కమాను అంచే, ఇంకొంచెం షార్ప్‌గా. గోడ మీద పెచ్చు. కిటికీ చువ్వలు. బోర్డు మీది "సికింద్రాబాద్"లో "ద్రా" ఒక్కటే, నాలుగు ఎపర్చర్లలో నాలుగుసార్లు.

మొత్తం బిల్డింగు ఒక్క ఫ్రేములో కనపడే ఫొటో ఆ 412లో ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఈ వ్యాసం ఇస్తానంటే మన ఎడిటర్ (నా రూమ్మేటే, కాబట్టి మొహమాటం లేదు) "సాహితీ క్లబ్బు పత్రికలో లెన్సుల గొడవేంది రా" అన్నాడు. చివరిదాకా చదువు, చెప్తా అన్నాను. మీకూ అదే మాట.

నేను చెప్పదలుచుకున్నది పెద్ద విషయమేం కాదు. మన కాలేజీలో కెమెరా పట్టుకున్నవాళ్ళం లెన్సుల్ని చూసినంత శ్రద్ధగా ఒకళ్ళ ఫొటోలు ఒకళ్ళం చూడట్లేదు. పోనీ ఆ లెన్సుల మధ్య తేడా అయినా మనకి కనపడుతోందా అంటే, మనం ఫొటోలు పంచుకునే తీరులో అది కనపడే అవకాశమే లేదు. ఇది బయట నిలబడి వేస్తున్న రాయి కాదు. ఈ రోగం అందరికన్నా ముందు పట్టింది నాకే, ఇంకొందరికి అంటించిందీ నేనే.

ఫస్టియర్‌లో మా మామయ్య తన పాత కెమెరా ఇచ్చాడు, 18-55 కిట్ లెన్సుతో సహా. మొదటి ఆరు నెలలు దొరికిందల్లా తీశాను. మెస్సులో దోసె, టెర్రస్ మీద ఆరేసిన లుంగీలు, మోండా మార్కెట్‌లో నిమ్మకాయల కుప్ప మీద కునికే పిల్లి. ఒకరోజు ఒక సీనియర్ ఆ పిల్లి ఫొటో చూసి, "బాగుంది గానీ, ఎన్నాళ్ళు రా ఈ కిట్ లెన్స్‌తోని?" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లి మొహం నాలుగింతలు పెద్దది చేసి మీసాలు చూశాను. మీసాలు మెత్తగా ఉన్నాయి! అంతకుముందు రోజు దాకా ఆ పిల్లి నాకు ఎంత ముద్దొచ్చిందో.

తర్వాతి నెల కోఠీలో ఒక సెకండ్‌హ్యాండ్ 35 ఎంఎం కొన్నాను. డబ్బులు సరిపోకపోతే అమ్మకి ఫోన్ చేసి "ప్రాజెక్టుకి కావాలి" అని చెప్పాను. ఆ ప్రాజెక్టు ఏమైందని అమ్మ ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది.

అట్లా తయారైన వాళ్ళం ఆరేడుగురం అయ్యాం. ఆదివారం పొద్దున్నే మొదటి మెట్రోలో దిగడం, స్టేషన్ ఎదురుగా ఆల్ఫాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, ఆ తర్వాత రోడ్డు ఇవతల నిలబడి లెన్సులు మార్చుకుంటూ టెస్టులు. లెన్స్ టెస్టుకి ఆ స్టేషన్‌ని మించిన చోటు ఊళ్ళో లేదు, అది ఒప్పుకోవాలి. నిలువు గీతలు బోలెడు, కాబట్టి లెన్స్ వాటిని పీపాలాగా ఉబ్బిస్తోందా అన్నది వెంటనే తెలుస్తుంది. కమాను అంచుకి వెనకాల తెల్లటి ఆకాశం, కాబట్టి అంచులకి ఊదారంగు కారుతోందా అన్నదీ తెలుస్తుంది. గోడ పెచ్చులూడి గరుకుగా ఉంటుంది, షార్ప్‌నెస్‌కి అంతకన్నా మంచి చార్టు దొరకదు. మధ్యలో ఆటోలు, మనుషులు, లగేజీ అడ్డం వస్తే విసుక్కునేవాళ్ళం. "ఆ ఎర్రచొక్కా ఆయన పోనీ రా, ఆగు" అని. ఎర్రచొక్కా ఆయన అంటే నెత్తిమీద రెండు సూట్‌కేసులు, భుజానికొక బ్యాగు పెట్టుకుని నడుస్తున్న కూలీ. ఆయన పక్కకి తప్పుకునేదాకా ఆగి, గోడని తీసేవాళ్ళం.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ట్రైపాడ్ పెడితే ఎవరైనా వచ్చి అడుగుతారన్న భయంతో అన్నీ చేతులతోనే తీశాం. చెయ్యి వణుకు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, ఫోకస్ ఒక్కోసారి ఒక్కో పెచ్చు మీద పడుతుంది, మబ్బు వస్తుంది, పోతుంది. ఇట్లాంటి రీడింగులు ల్యాబులో రాస్తే మేడమ్ రికార్డు వెనక్కి విసురుతారు. మేం మాత్రం వాటి మీద గంటలు గంటలు వాదించుకుని, ఒక లెన్సుని ఆకాశానికెత్తి ఇంకొకదాన్ని చెత్తబుట్టలో వేసేవాళ్ళం.

సరే, టెస్టు పక్కాగానే చేశామనుకుందాం. ఆ ఫలితాన్ని ఎక్కడ చూసుకుంటున్నాం? వాట్సాప్‌లో. మన 24 మెగాపిక్సెల్ కెమెరా 6000 బై 4000 ఫొటో ఇస్తుంది. మామూలుగా పంపితే అవతలివాళ్ళకి చేరేది పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్ళు. అంటే పద్నాలుగు పిక్సెళ్ళు నలిగి ఒకటవుతున్నాయి. హెచ్‌డీ బటన్ ఉంది గానీ దాన్ని నొక్కినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఆ 1600ని కూడా అరచేతిలో పట్టే స్క్రీన్ మీద, బస్సులో నిలబడి, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని చూస్తాం. చూసి, "మూలలు కొంచెం సాఫ్ట్ ఉన్నాయి బ్రో" అని రాస్తాం. ఆ మూలలు మనకి చేరనేలేదు. సాఫ్ట్ అన్నమాట ఎవడి నోటినుంచి వచ్చినా అది ఊహే. నేను రాసినవన్నీ ఊహలే.

ఇంకొంచెం ఫిజిక్సు. ఫస్టియర్‌లో డిఫ్రాక్షన్ అని ఒక చాప్టరు చదివి, పరీక్ష రాసి, మరిచిపోయాం కదా. చుక్కంత వెలుగు కూడా లెన్స్ కన్నంలోంచి వచ్చాక చిన్న బిళ్ళలాగా పరుచుకుంటుంది. ఆ బిళ్ళ వ్యాసం 2.44 ఇంటూ వేవ్‌లెంగ్త్ ఇంటూ ఎఫ్ నంబరు. ఆకుపచ్చ వెలుగుకి ఎఫ్ 8 దగ్గర అది సుమారు 11 మైక్రాన్లు, ఎఫ్ 22 దగ్గర సుమారు 30. మన కెమెరాలో ఒక పిక్సెల్ సైజు దాదాపు 4 మైక్రాన్లు. "నంబరు పెరిగితే షార్ప్‌నెస్ పెరుగుతది" అని మా మెకానికల్ మిత్రుడొకడు ఏడాదిపాటు ఎఫ్ 22లోనే తీసి, చివరికి లెన్స్ పాడైందని రిపేరుకి తీసుకుపోయాడు. పాపం, లెన్సుకి ఏమీ కాలేదు. పట్టపగలు ఎఫ్ 8 దగ్గర ఫ్రేము మధ్యలో మా కిట్ లెన్సుకీ, నా 35కీ తేడా వేలిముద్రంత కూడా లేదు. మేం స్టేషన్‌ని తీసిందంతా పట్టపగలే.

లెన్సుతో పనే లేదని నేను అనను. అంటే అబద్ధం అవుతుంది. ఆషాఢంలో లష్కర్ బోనాలకి ఉజ్జయినీ మహంకాళి గుడి దగ్గర సాయంత్రం ఏడున్నరకి నిలబడి చూడండి. పోతురాజు కొరడా ఝళిపిస్తూ వస్తుంటాడు, వెలుగు ఉన్నది ట్యూబులైట్లదీ, సీరియల్ బల్బులదీ. కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్ 5.6 కన్నా తెరుచుకోదు. షట్టర్ సెకనులో 15వ వంతుకి పడిపోతే పోతురాజు పసుపు పొగలాగా వస్తాడు. అదే చోట ఎఫ్ 1.8 ఉంటే మూడు స్టాపులకి పైనే కలిసొచ్చి, సెకనులో 125వ వంతుకి పోవచ్చు. ఆయన కళ్ళు, నుదుటి మీది కుంకుమ, వెనకాల నోరు తెరిచి చూస్తున్న చిన్నపిల్ల అన్నీ నిలబడతాయి. అక్కడ ఆ లెన్స్ లేకపోతే ఆ ఫొటో లేదు. అమ్మకి చెప్పిన అబద్ధంలో సగం పాపం ఆ రాత్రి తీరిందనుకున్నాను. పాత లెన్స్ కొనేటప్పుడు లోపల ఫంగస్ ఉందా, ఒక పక్క ఎక్కువ మసకగా వస్తోందా అని పోల్చి చూసుకోవడం కూడా అవసరమే. సిలికా జెల్ పెట్టుకోకుండా వానాకాలం బ్యాగులో మూసిపెట్టి ఒక లెన్సుని నేనే బూజు పట్టించాను.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. లెన్సుల కబుర్లతోనే నాకు ఈ కాలేజీలో స్నేహితులు దొరికారు. బ్యాట్ల గురించి మాట్లాడుకోని క్రికెటర్లు ఉంటారా? చాయ్ దగ్గర ఎంతసేపు మాట్లాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం ఒక ఫొటో కిందపడే మొదటి ప్రశ్న గురించి. మన గ్రూపు పైకి జరిపి చూడండి. ఎవరు ఏ ఫొటో పెట్టినా మొదటి మెసేజి "ఏం లెన్స్ అన్నా?" రెండోది "ఎఫ్ ఎంత?" ఎవరీ మనిషి, ఎక్కడ, ఎప్పుడు అన్న ప్రశ్న వంద ఫొటోలకి ఒక్కటి ఉంటే గొప్ప.

మనం వాడేదాన్ని ఫొటోగ్రఫీ భాషలో చిన్న ఫార్మాట్ అంటారు. అది ఎందుకు పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకుంటే ఈ వెర్రి ఎంత తలకిందులుగా ఉందో తెలుస్తుంది. జర్మనీలో వెట్జ్‌లార్ అనే ఊళ్ళో లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఇంజినీరు ఉండేవాడు. ఆయనకి ఉబ్బసం. బరువైన ప్లేట్ కెమెరా మోసుకుని కొండలెక్కలేడు. సినిమాకి వాడే 35 ఎంఎం ఫిల్మునే తీసుకుని, సినిమా ఫ్రేముకి రెట్టింపు, అంటే 24 బై 36 మిల్లీమీటర్ల ఫ్రేము పడేలా జేబులో పట్టే కెమెరా చేశాడు. అదే 1925లో లైకాగా లైప్‌జిగ్ సంతలో జనం ముందుకి వచ్చింది. షార్ప్‌నెస్‌లో అది ప్లేట్ కెమెరాకి సరిపోతుందని ఆయన అనుకోలేదు. వెంట తీసుకుపోవచ్చు, చటుక్కున తీయవచ్చు, అంతే. మనుషుల మధ్యకి పోవడం కోసం పుట్టిన కెమెరాని పట్టుకుని, మనిషి అడ్డం తప్పుకునేదాకా ఆగి గోడని తీసినవాళ్ళం మేము.

షార్ప్‌నెస్సే పోటీ అయితే ఆ పోటీలో మనం ఎప్పుడో ఓడిపోయాం. అదీ మన సికింద్రాబాద్‌లోనే. లాలా దీన్ దయాళ్ పేరు చాలామంది విని ఉంటారు. నేను మాత్రం ఈ స్టేషన్ కూలిన తర్వాతే ఆయన గురించి కుదురుగా చదివాను. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. చదివింది రూర్కీలో థామసన్ సివిల్ ఇంజినీరింగ్ కాలేజీలో, అంటే ఇవాళ్టి ఐఐటీ రూర్కీ. తర్వాత ఇండోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగం. ఆ ఉద్యోగం చేసుకుంటూ 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టాడు. మన భాషలో చెప్పాలంటే బ్రాంచి సివిల్, హాబీ ఫొటోగ్రఫీ. పన్నెండేళ్ళు తిరక్కుండా 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ళ కోసం ఆడవాళ్ళే నడిపే జనానా స్టూడియో పెట్టాడు. 1894లో నిజాం "రాజా ముసవ్విర్ జంగ్" బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే బొమ్మ గీసేవాడు. 1905లో పోయాడు.

ఆయన వాడినవి గాజు ప్లేట్లు. 8 బై 10 అంగుళాల ప్లేటుని లెక్కేయండి. లైకా ఫ్రేముకి అరవై రెట్లు. మన కెమెరాల్లోని సెన్సార్‌కి దాదాపు నూట నలభై రెట్లు. ఇంత పెద్ద ప్లేటు మీద పడ్డ బొమ్మ పక్కన మన "35_2.8" ఎంత?

అయితే నన్ను ఆపింది ఆ సైజు కాదు. ఆయన ప్రింట్లలో చాలావాటి అడుగున ఒక నంబరూ, ఆ చోటు పేరూ ఉంటాయి. నెగెటివ్ మీదే రాసేవారు. ఆ స్టూడియో గాజు నెగెటివులు 2,857 ఇవాళ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. 1989లో కొన్నారు. ఇది ఏ మహలు, ఏ దర్బారు, ఏ చెరువు కట్ట అన్నది నూటముప్పై ఏళ్ళ తర్వాత ఎవరైనా చూసి చెప్పగలుగుతున్నారంటే అందులో సగం పని ఆ గీకుడు అక్షరాలదే. పీడబ్ల్యూడీలో డ్రాయింగుకి నంబరు వేసే అలవాటు ప్లేట్ల మీదకి వచ్చిందేమో అని నా అనుమానం. అనుమానమే సుమా, ఎవరూ అసైన్‌మెంట్‌లో రాయకండి.

నా 412 ఫొటోల మీద కూడా రాత ఉంది. లెన్సు పేరు ఉంది, ఎపర్చరు ఉంది. అది స్టేషన్ అని ఎక్కడా లేదు. నేను చచ్చిపోయాక ఎవరికైనా ఆ డిస్క్ దొరికితే, పెచ్చులూడిన ఏదో గోడంటే ఈయనకి పిచ్చి అనుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం. ఇది రాయాలంటే చెయ్యి వెనక్కి లాగుతోంది.

స్టేషన్ కూలుతుందని మాకు తెలియక కాదు. సుమారు 700 కోట్లతో కొత్త స్టేషన్ కడతారని, 2023 ఏప్రిల్‌లో ప్రధాని వచ్చి శంకుస్థాపన చేశారని పేపర్లో చదివాం. చదివి, మళ్ళీ ఆదివారం పోయి కమాను అంచే తీశాం. కానీ తెలిసి తీసిన మనిషి ఒకరున్నారు. సివిల్ జూనియర్ అమ్మాయి. 2024 ఆగస్టులో ఒక ఆదివారం, వాన వెలిశాక, సాయంత్రం తీసిన ఫొటో గ్రూపులో పెట్టింది. గ్రూపులో ఆమె పెట్టిన మొట్టమొదటి ఫొటో అది. ఫిబ్రవరిలో ఆ వీడియో చూసిన రాత్రి గ్రూపు పైకి జరుపుకుంటూ, జరుపుకుంటూ పోతే అది దొరికింది.

స్టేషన్ మొత్తం ఉంది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కమాన్లు, మూడు భాషల బోర్డు, తడిసిన రోడ్డు మీద వాటి నీడ. ముందు వరసగా ఆటోలు. ఎడమపక్కన మూటల మీద కూర్చున్న ఒక కుటుంబం, ఆ కుటుంబంలో ముసలామె కొంగు పిండుకుంటోంది. మధ్యలో ఎర్రచొక్కా ఆయన, నెత్తిమీద రెండు సూట్‌కేసులు. మేం తప్పుకునేదాకా ఆగిన మనిషి ఆయనే కావచ్చు.

కింద మా మెసేజీలు ఉన్నాయి. మొదటిది: "కిట్ లెన్స్ కదా?" రెండోది: "హారిజన్ వంగింది చూస్కో." మూడోది నాది: "18 దగ్గర పిల్లర్లు ఉబ్బుతాయి. 35 ట్రై చెయ్." దాని పక్కన ఒక నవ్వు బొమ్మ. 35 పెడితే ఆ రోడ్డు మీద అంత స్టేషన్ ఫ్రేములో పట్టదు. ఇంకా వెనక్కి జరుగుదామంటే మెట్రో పిల్లర్లు అడ్డం. ఆ చోటుకి 18 ఎంఎంయే సరైనది. మూడేళ్ళు అదే రోడ్డు మీద నిలబడ్డ నాకు అది తెలియాలి. ఆ అమ్మాయి "సరే అన్నా" అని పెట్టింది. ఆ తర్వాత గ్రూపులో ఆమె ఒక్క ఫొటో పెట్టలేదు.

మర్నాడు క్యాంటీన్‌లో కనపడితే అడిగాను, "ఆ స్టేషన్ ఫొటో ఒరిజినల్ ఫైల్ ఉందా? పంపిస్తావా?" అని.

"లేదన్నా. కార్డు ఫార్మాట్ చేసిన."

"ఎందుకు?"

"మంచిగ లేదన్నరు గదా."

ఆమె గొంతులో కోపం కూడా లేదు. అటెండెన్స్ ఎంత ఉందో చెప్పినట్టు చెప్పింది. చాయ్ తాగుతావా అని అడిగి, వద్దంటే ఊరుకున్నాను.

కాబట్టి మా గ్రూపు మొత్తానికి ఆ స్టేషన్‌ది నిండు ఫొటో అంటూ మిగిలింది ఒక్కటే, 1600 బై 1067ది, వాట్సాప్ నలిపేసినది. ఊళ్ళో ఇంకెంతమందో తీసే ఉంటారు. పేపర్లవాళ్ళ దగ్గర ఉంటాయి, రైల్వేవాళ్ళ దగ్గర ఉంటాయి, మామూలు జనం ఫోన్లలో లక్షలు ఉంటాయి. స్టేషన్ బొమ్మ లోకంలో లేకుండా పోయిందని నా ఏడుపు కాదు. మనది, మన కాలేజీ పిల్లలు చూసినది, మన దగ్గర ఉండాల్సింది. దాన్ని చెరిపేసుకునేలా చేసినవాళ్ళం కూడా మనమే.

ఎడిటర్ అడిగిన సాహిత్యం సంగతి ఇప్పుడు చెప్తాను. ఇకనుంచి గ్రూపులో ఫొటో పెట్టేవాళ్ళు దాని కింద తెలుగులో రెండు వాక్యాలు రాయాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు. కవిత్వం అక్కర్లేదు. "మోండా మార్కెట్, ఉదయం 6, నిమ్మకాయల బండి, పిల్లి పేరు రాణి అంట" అంటే చాలు. ఎవరూ అని రాయాలంటే అడగాలి, అడగాలంటే దగ్గరికి పోవాలి, అక్కడే మన ఫొటోలు సగం మారతాయని నా నమ్మకం. లెన్స్ ఏంటో అడగాలనుంటే పర్సనల్‌గా అడగండి. ఒరిజినల్ ఫైళ్ళు సెమిస్టరుకోసారి క్లబ్బు హార్డ్ డిస్కులో వేయాలి. బాగుందో లేదో మనకి తెలియదు కాబట్టి అన్నీ వేయాలి. పోలిక కావాలనుకుంటే ప్రింటు తీయించి గోడ మీద పక్కపక్కన పెట్టుకుని పోల్చుకుందాం. అప్పుడు మూలల గురించి మాట్లాడినా ఒక అర్థం ఉంటుంది. ముందుగా క్లాక్ టవర్, మోండా మార్కెట్, జేమ్స్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్ ఈ మూడింటినీ దూరం నుంచి, నిండుగా, ముందున్న మనుషులతో సహా తీద్దాం. అవి కూలుతాయని కాదు. స్టేషన్ విషయంలో కూడా మనం అట్లాగే అనుకున్నాం.

ఇందులో ఇబ్బంది ఉంది. మనుషుల్ని అడగడానికి నాకు సిగ్గు. గోడలు తీయడం అలవాటవడానికి ఆ సిగ్గు కూడా ఒక కారణమే అని ఇప్పుడు అనిపిస్తోంది. గోడ "ఎందుకు తీస్తున్నవ్ బాబూ" అని అడగదు.

పోయిన వారం ఆ ఫొటోని ప్రింటుకి ఇచ్చాను. 1600 పిక్సెళ్ళు ఆరంగుళాల వెడల్పు కాగితానికి సరిగ్గా చాలతాయి, అంగుళానికి 266 వస్తాయి. 6 బై 4 కార్డు మీద ముసలామె కొంగులోంచి కారే నీళ్ళు కూడా కనపడుతున్నాయి. రెండు కాపీలు తీయించి, ఒకటి ఆ అమ్మాయికి ఇచ్చాను. సారీ అన్నాను, చాలా ఆలస్యంగా. ఆమె కాసేపు చూసి, బ్యాగులోంచి పెన్ను తీసి రెండో కాపీ వెనకాల రాసి నాకు ఇచ్చింది. క్లబ్బు డిస్కులో మొదటి ఫైలు దాని స్కానే. వెనకాల రాసింది ఇది:

"సికింద్రాబాద్ స్టేషన్. 2024 ఆగస్టు, ఆదివారం, సాయంత్రం 6. అప్పుడే వాన వెలిసింది. మూటల మీద ఉన్నవాళ్ళు కాజీపేట పోతున్నరు, రైలు లేటు. ఎర్రచొక్కా ఆయన పేరు అడగలేదు."

వచ్చే ఆదివారం ఆ కార్డు పట్టుకుని స్టేషన్‌కి పోయి, కూలీల దగ్గర అడుగుదామని అనుకున్నాం. ఎవరైనా వస్తామంటే పొద్దున ఆరున్నరకి ఆల్ఫా దగ్గర ఉంటాం.